అమాక్సిసిలిన్‌కు తగ్గని దగ్గులు: అజిత్రో ఎవరికి, స్వాబ్ ఎప్పుడు, ఇంట్లోవాళ్లకు ఏం చేయాలి?

పీహెచ్‌సీ_ఎంవో_ములుగు

అందరికీ నమస్తే. ఓపీకి రెండు తీర్ల దగ్గులు వస్తున్నయి. రెండింటినీ ఒకే గాటన కట్టొచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి.

మొదటిది గురుకులం పిల్లలు. వయసు 10 నుంచి 14. పొడి దగ్గు, సన్నటి జ్వరం, గొంతు గరగర, 8 నుంచి 12 రోజులుగా. తిరుగుతున్నారు, తింటున్నారు. శ్వాసలు నిమిషానికి 20–24, ఆక్సిజన్ 97–98. అమాక్సిసిలిన్ 5 రోజులు పూర్తయింది, మార్పు లేదు. కొందరికి బయట సెఫ్ట్రియాక్సోన్ సూదులు కూడా పడ్డాయి. ఒక డార్మిటరీలో తగ్గుతుందనుకునేసరికి రెండు మూడు వారాలకు పక్క డార్మిటరీలో మొదలవుతోంది.

రెండోది 7 వారాల పాప, బరువు 4.2 కిలోలు. తల్లి పుట్టింట్లో ఉండటంతో ఆరో వారం పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బుల టీకా) పడలేదు. 6 రోజులుగా దగ్గు. "దగ్గీ దగ్గీ మొకం నల్లబడుతుంది సార్, ఆఖరుకు పాలన్నీ కక్కుతుంది" అని తల్లి చెబుతోంది. పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఛాతీ క్లియర్, జ్వరం లేదు, శ్వాసలు 46. ఇంట్లో అమ్మమ్మకు 3 వారాలుగా దగ్గు, 6 ఏళ్ల అన్నకు 10 రోజులుగా.

అడగదల్చుకున్నవి: హాస్టల్‌లో అందరికీ అజిత్రో (అజిత్రోమైసిన్) ఇచ్చేయాలా? పాపకు ఏ స్వాబ్? కోవిడ్ నాటి వీటీఎం ట్యూబులు (స్వాబ్ వేసి ల్యాబ్‌కు పంపే ద్రవం ఉన్నవి) స్టోర్‌లో ఉన్నాయి, పనికొస్తాయా? పెద్దవాళ్లకు లెవోఫ్లాక్సాసిన్ రాయొచ్చా? ఎవరికి రిపోర్ట్ చేయాలి?

పిల్లల_డాక్టర్_హన్మకొండ

సార్, ముందు పాప సంగతి. దగ్గుకూ దగ్గుకూ నడుమ మామూలుగా ఉండటం, ఛాతీ క్లియర్‌గా ఉండటం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. కోరింత దగ్గు ఉండేదే అట్లా. 3 నెలల లోపు పసిపిల్లలకు దగ్గు చివర ఊపిరి లాగేటప్పుడు వచ్చే ఆ కూత రాకపోవచ్చు. దానికి బదులు శ్వాస ఆగిపోతుంది. కూత లేదు కాబట్టి కోరింత దగ్గు కాదనుకోవడం ఈ వయసులో జరిగే పెద్ద పొరపాటు. మీరు చెప్పిన పాపను ఈరోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపండి. ఇంటి దగ్గర చూద్దామనే కేసు కాదిది.

పంపేలోపు ఒక్క దగ్గు తెర కళ్లారా చూడండి. లేదంటే తల్లిని ఫోన్లో వీడియో తీయమనండి. చూడాల్సింది ఇది: ఊపిరి తీసుకునే సందు లేకుండా 10–15 దగ్గులు వరుసగా వస్తాయి, మొహం ఎర్రబడి తర్వాత నీలమవుతుంది, కళ్లలో నీళ్లు, చివర్లో జిగురు తెమడతో వాంతి. తెర అయిపోయాక పాప వేలాడిపోయి పడుకుంటుంది. ఆ సమయంలో ఆక్సిజన్ ఎంతకు పడిపోయిందో, తిరిగి ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో రాసి పంపండి. పెద్దవాళ్ల క్లిప్పు పాప వేలికి పెడితే రీడింగ్ తప్పొస్తుంది. చుట్టే ప్రోబ్ పాదానికి పెట్టండి. పాదం చల్లగా ఉంటే ముందు వెచ్చబరచండి.

రక్తపరీక్షలో తెల్లకణాలు, అందులో లింఫోసైట్లు బాగా పెరుగుతాయి. 30,000 దాటితే ప్రమాద సూచన. 50,000 దాటితే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి గుండె మీద పడే దశ. రిపోర్ట్ కోసం పంపడం ఆపొద్దు.

స్వాబ్ వెంటనే తీయగలిగితే తీసి, అజిత్రో మొదటి డోసు వేసి పంపండి. కిట్ వెతకాల్సి వస్తే వెతుకుతూ కూర్చోకుండా డోసు వేసేయండి. 6 నెలల లోపు పిల్లలకు కిలోకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు ఒకసారి, 5 రోజులూ అదే డోసు. ఈ పాపకు 42 మి.గ్రా. నెల లోపు శిశువైతే కూడా అజిత్రోనే, ఎరిత్రోమైసిన్ వద్దు. జీర్ణాశయం చివర సన్నబడే జబ్బు ఎరిత్రోతో ఎక్కువ. అజిత్రోతో కూడా అది లేకపోలేదు కాబట్టి ఆ తర్వాత నెల రోజుల పాటు పిచికారీలా దూరంగా పడే వాంతులు అయితే వెంటనే రమ్మని తల్లికి చెప్పండి.

108లో చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్, పసిపిల్లల సైజు మాస్కు, ఆక్సిజన్, సక్షన్ ఉండాలి. సక్షన్ నోటి ముందు భాగంలోనే, మెల్లగా. లోతుగా పెడితే అదే ఇంకో తెరను లేపుతుంది. శ్వాస ఆగితే అరికాలు మీద తట్టండి, వీపు రుద్దండి. అయినా తీసుకోకపోతే ఆలస్యం లేకుండా బ్యాగ్ మాస్కు. దారిలో కడుపు నిండా పాలు పట్టొద్దు. స్టెరాయిడ్, నెబ్యులైజర్, దగ్గు మందు ఏదీ వద్దు, కోరింత దగ్గుకు వాటితో ఉపయోగం లేదు. దగ్గు సిరప్ సంగతి ఇంకోసారి నొక్కి చెబుతున్నా. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ సిరప్‌తో పిల్లలు చనిపోయాక కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ స్పష్టంగా చెప్పింది: 2 ఏళ్ల లోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు రాయొద్దు, 5 ఏళ్ల లోపు సాధారణంగా అవసరం లేదు.

ఇప్పుడు హాస్టల్. మీ వర్ణన మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకు సరిపోతుంది. దానికి కణకవచం ఉండదు. అమాక్సిసిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ దెబ్బకొట్టేది ఆ కవచం మీదనే కాబట్టి ఎన్ని సూదులు వేసినా దాని మీద పనిచేయవు. లక్షణాలు బయటపడటానికి 1 నుంచి 4 వారాలు పడుతుంది. ఒక డార్మిటరీ తర్వాత ఇంకోటి రెండు మూడు వారాల తేడాతో రావడం అందుకే. కోవిడ్ జాగ్రత్తల కాలంలో ఈ క్రిమి తిరగడం తగ్గి, తగలని పిల్లలు పోగుపడ్డారు. 2023 చివర్లో చైనా, యూరప్‌లలో, 2024లో అమెరికాలో ఒక్కసారిగా పెరగడం వెనక ఉన్న కారణాల్లో అదొకటి. పైగా మామూలుగానే కొన్నేళ్లకోసారి ఉప్పెనలా వచ్చిపోయే జబ్బు ఇది.

అయినా అందరికీ అజిత్రో వద్దు. జ్వరం పోయి, ఆడుకుంటూ దగ్గు మాత్రం మిగిలినవాళ్లకు దానంతట అదే తగ్గుతుంది. దగ్గు మూడు నాలుగు వారాలు సాగినా సరే. మందు ఇవ్వాల్సింది న్యుమోనియా అనిపించినవాళ్లకు: జ్వరం తగ్గకుండా ఉన్నవాళ్లు, స్టెత్‌కు చిటపటలు వినిపించేవాళ్లు, శ్వాస వేగం పెరిగినవాళ్లు, ఎక్స్‌రేలో మచ్చ ఉన్నవాళ్లు. ఈ జబ్బులో ఛాతీ వినికిడి తక్కువ, ఎక్స్‌రే ఎక్కువ చెబుతుంది. డోసు మొదటి రోజు కిలోకు 10 మి.గ్రా., ఆ తర్వాత 4 రోజులు కిలోకు 5 మి.గ్రా. 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే డోసు పెంచకండి. మందుకు లొంగని రకమా, ఛాతీలో నీరు చేరిందా, టీబీనా అని చూడాలి. 8 ఏళ్లు దాటినవాళ్లకు అప్పుడు డాక్సీసైక్లిన్ ఉంది.

నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడి పుసులు, ఒంటి మీద పొక్కులు కలిసి వస్తే మందు రియాక్షన్ అని మాత్రమే అనుకోవద్దు, మైకోప్లాస్మా కూడా అట్లా చేస్తుంది. అట్లాంటి పిల్లలను వెంటనే పంపండి.

ఇంకోమాట, ఆ హాస్టల్ పిల్లల్లో ఎవరికైనా దగ్గు 2 వారాలు దాటి, దగ్గిన తర్వాత వాంతి అవుతుంటే వాళ్లను మైకోప్లాస్మా బుట్టలో వేయకండి. ఆ వయసుకు టీకా బలం తగ్గిపోయి ఉంటుంది, అది కోరింత దగ్గు కావచ్చు.

శ్వాసలు పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి, పాప ఏడవనప్పుడు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో తప్పుతుంది. నిమిషానికి ఇంత లేదా ఇంతకు మించితే వేగం ఎక్కువైనట్టు: 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, 5 ఏళ్ల లోపు 40, ఆ పైన 30. డొక్కలు ఎగరేస్తున్నా, ఆక్సిజన్ 90 కన్నా తగ్గినా లెక్కతో పని లేదు, ఆక్సిజన్ పెట్టి పంపడమే.

మైక్రో_ల్యాబ్_వరంగల్

స్వాబ్ గురించి. కోరింత దగ్గుకు గొంతు స్వాబ్ సరిపోదు. ఆ క్రిమి ఉండేది ముక్కు వెనక భాగంలో. నైలాన్ లేదా పాలిస్టర్ కుచ్చు ఉన్న సన్నటి, వంగే పుల్ల కావాలి. దూది పుల్ల కల్చర్‌ను (క్రిమిని పెంచి చూసే పరీక్షను) చంపుతుంది, కాల్షియం ఆల్జినేట్ పుల్ల పీసీఆర్‌ను (క్రిమి డీఎన్‌ఏను పట్టే పరీక్షను) చెడగొడుతుంది.

పాపను బట్టలో చుట్టి తల్లి ఒళ్లో పెట్టండి, తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి. ముక్కు రంధ్రం నుంచి చెవి దాకా ఉన్న దూరాన్ని పుల్ల మీద వేలితో గుర్తు పెట్టుకోండి. పుల్లను పైకి ఎత్తి కాదు, అంగిలికి సమాంతరంగా ముక్కు నేల వెంబడి పోనివ్వాలి. మెత్తగా అడ్డు తగిలినచోట ఆపి 5–10 సెకన్లు ఉంచి, మెల్లగా తిప్పి తీయండి. మధ్యలోనే ఎముక తగిలితే బలవంతం చేయకుండా రెండో రంధ్రంలో ప్రయత్నించండి. ఇట్లా తీసేటప్పుడే దగ్గు తెర లేచి శ్వాస ఆగే ప్రమాదం ఉంది కాబట్టి ఆక్సిజన్, బ్యాగ్ మాస్కు చేతి దూరంలో పెట్టుకునే మొదలుపెట్టండి.

వీటీఎం సంగతి: అది వైరస్‌ల కోసం చేసింది, బ్యాక్టీరియా పెరగకుండా అందులో యాంటీబయాటిక్ కలిపి ఉంటుంది. అందులో వేసిన స్వాబ్‌తో కల్చర్ రాదు. పీసీఆర్ మాత్రం చేయొచ్చు, ఎందుకంటే దానికి క్రిమి బతికి ఉండనక్కర్లేదు. అయితే గడువు తేదీ చూడండి, ద్రవం రంగు మారినా మసకబారినా పారేయండి, మీ నమూనా తీసుకునే ల్యాబ్ వీటీఎం ఒప్పుకుంటుందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. కల్చర్ కావాలంటే రీగన్–లోవ్ మీడియం ల్యాబ్ నుంచి తెప్పించుకోవాలి. పీసీఆర్ నమూనాను 2–8 డిగ్రీల మధ్య ఐస్ ప్యాక్‌లతో పంపండి. ట్యూబు నేరుగా గడ్డకట్టిన ప్యాక్‌కు తగలకుండా మధ్యలో కాగితం చుట్టండి.

ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. టీకాలు వేసే గదిలో స్వాబ్ తీయొద్దు. పెంటావాలెంట్, డీపీటీ టీకాల్లో కోరింత దగ్గు క్రిమి డీఎన్‌ఏ ఉంటుంది. టేబుల్ మీద, చేతికి, గ్లౌజుకు ఒక చుక్క అంటినా పీసీఆర్ లేని జబ్బును ఉందని చూపిస్తుంది. టీకా రోజు అయితే వేరే గది, కొత్త గ్లౌజులు, ట్యూబు మూత తీసేది కూడా అక్కడే.

రోజుల లెక్క: కల్చర్ దగ్గు మొదలైన 2 వారాల లోపు, పీసీఆర్ 3 వారాల దాకా బాగా చెబుతుంది, 4 దాటితే నమ్మకం తక్కువ. మీ పాపకు 6వ రోజు, అన్నకు 10వ రోజు, ఇద్దరివీ తీయండి. అమ్మమ్మది అంచున ఉంది. ఆమెకు రక్తంలో యాంటీబాడీ పరీక్ష నయం, అది 2 నుంచి 8 వారాల మధ్య పనికొస్తుంది. గడిచిన ఏడాదిలో టీకా పడినవాళ్లలో ఆ పరీక్షకు అర్థం లేదు.

మైకోప్లాస్మాకు ఐజీఎం (యాంటీబాడీ) కార్డు పరీక్ష మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. పాజిటివ్ వచ్చినా పాతది నెలల తరబడి మిగిలి ఉండొచ్చు. ఒక్క కార్డు చూసి హాస్టల్ మొత్తానికి మందు రాయొద్దు. పీసీఆర్ చేయించగలిగితే కొత్తగా దగ్గు మొదలైన నలుగురైదుగురి నుంచి గొంతు, ముక్కు స్వాబులు రెండూ తీసి పంపితే హాస్టల్ కథ తెలుస్తుంది.

ఛాతీ_వైద్యం_కరీంనగర్

లెవోఫ్లాక్సాసిన్ మీద నా మాట సూటిగా: టీబీ కాదని తేలేదాకా వద్దు. ఆ మందు టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తుంది. వారం రోజులు వాడితే దగ్గు తగ్గినట్టు అనిపిస్తుంది, తెమడ పరీక్ష నెగెటివ్ వస్తుంది, నెలన్నర తర్వాత బరువు తగ్గి మళ్లీ వస్తారు. అప్పటికి ఇంట్లో ఇంకొందరికి అంటి ఉంటుంది. పైగా మొండి టీబీకి అదే ముఖ్యమైన మందుల్లో ఒకటి. దాన్ని మామూలు దగ్గుకు ఖర్చు చేసుకోవద్దు.

అమ్మమ్మకు దగ్గు 3 వారాలు. 2 వారాలు దాటితే టీబీ అనుమానితురాలే, కోరింత దగ్గు అనుమానం ఉన్నా సరే. తెమడను ట్రూనాట్ లేదా సీబీనాట్‌కు (టీబీ క్రిమి డీఎన్‌ఏను పట్టే పరీక్షలు) పంపండి, ఎక్స్‌రే తీయించండి. ఉమ్మి కాదు తెమడ రావాలి: పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, రెండుసార్లు లోతుగా ఊపిరి తీసి దగ్గి, కనీసం 2 మి.లీ. పత్తి మిల్లులో, మిర్చి కల్లంలో పని చేసేవాళ్లకు ఆ దుమ్ముతోనే దగ్గు అని సరిపెట్టుకోవద్దు. దుమ్ము దగ్గు పని లేని రోజు తగ్గుతుంది, ఇది తగ్గదు.

పెద్దవాళ్లలో న్యుమోనియా అయి, ఇంటి దగ్గర చూడగలిగేంత తేలికైతే అమాక్సిసిలిన్‌తో పాటు అజిత్రో గానీ డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రెండు పూటలు గానీ. ఏజెన్సీ ఊళ్లలో నేనైతే డాక్సీ వైపే మొగ్గుతా, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కూడా దానికి లొంగుతుంది. గర్భిణులకు డాక్సీ వద్దు, అజిత్రో ఇవ్వండి. మతి తడబడి అయోమయంగా ఉండటం, శ్వాసలు 30 లేదా పైన, పై బీపీ 90 కన్నా తక్కువ, వయసు 65 లేదా పైన, వీటిలో రెండు ఉంటే పెద్దాసుపత్రికి.

ఫార్మసిస్ట్_జనగామ

డోసు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. అజిత్రో సిరప్ 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండేదీ వస్తుంది, 200 మి.గ్రా. ఉండేదీ వస్తుంది. చీటీ మీద "2 మి.లీ." అని మాత్రమే రాస్తే ఏ సీసా దొరికితే ఆ సీసా ఇస్తారు, డోసు సగమో రెట్టింపో అవుతుంది. మి.గ్రా. రాయండి, సీసా బలం రాయండి, ఆ తర్వాత మి.లీ. రాయండి. ఆ పాపకు 42 మి.గ్రా. అంటే 200 సీసాతో సుమారు 1 మి.లీ., 100 సీసాతో 2.1 మి.లీ. అన్న 18 కిలోలు ఉన్నాడనుకోండి, మొదటి రోజు 180 మి.గ్రా., 200 సీసాతో 4.5 మి.లీ., తర్వాత 4 రోజులు 2.25 మి.లీ. మొత్తం 13.5 మి.లీ. 15 మి.లీ. సీసా ఒకటి సరిపోతుంది.

చెమ్చాతో పోయనివ్వద్దు, ఇంటింటికీ చెమ్చా వేరు. సూది తీసేసిన 2 మి.లీ. లేదా 5 మి.లీ. సిరంజి ఇచ్చి, గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి తల్లితో ఒకసారి తీయించి చూడండి. ముందు సీసా బాగా ఊపాలి, మందు అడుగున పేరుకుంటుంది. దగ్గు తెర వచ్చి వాంతి అయిన వెంటనే ఇస్తే కడుపులో నిలుస్తుంది. 30 నిమిషాల లోపు కక్కితే మళ్లీ ఇవ్వాలి.

పెద్దవాళ్లకు గుండె జబ్బు మందులు నడుస్తుంటే, ముఖ్యంగా లయ తప్పినవాళ్లకు, అజిత్రోకు ముందు ఈసీజీ చూడటం మంచిది. దమ్ముకు డెరిఫిల్లిన్ వాడేవాళ్లకు ఎరిత్రో కలిస్తే ఆ మందు రక్తంలో పెరిగి గుండె దడ, వాంతులు వస్తాయి.

టీకా_సూపర్‌వైజర్_భూపాలపల్లి

రిపోర్ట్: అనుమానం వచ్చిన రోజే జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌కు ఫోన్, కేస్ ఫారం నింపడం, ఐహెచ్ఐపీలో (కేంద్రం వ్యాధుల నిఘా పోర్టల్) ఎక్కించడం. ల్యాబ్ ఫలితం వచ్చాక చేద్దామని ఆగొద్దు.

ఇంట్లోవాళ్లందరికీ ముందుజాగ్రత్త అజిత్రో, టీకాలు పడినా పడకపోయినా. కలిసి ఉన్నవాళ్లకు రోగికి దగ్గు మొదలైన 21 రోజుల లోపు ఇస్తేనే ఫలితం. డోసు చికిత్స డోసే, పెద్దవాళ్లకు మొదటి రోజు 500 మి.గ్రా., తర్వాత 4 రోజులు 250. అన్న, అమ్మమ్మ ఇద్దరూ దగ్గుతున్నారు కాబట్టి వాళ్లకు చికిత్సే, అయితే అమ్మమ్మ తెమడ ముందు తీసుకోండి. మందు మొదలై 5 రోజులు నిండేదాకా అన్నను బడికి పంపొద్దు. అజిత్రో ఒంటికి పడనివాళ్లకు, 2 నెలలు దాటినవాళ్లయితే, కోట్రైమాక్సజోల్ 14 రోజులు. ఇరుగుపొరుగులో ఏడాది లోపు పిల్లలు, నెలలు నిండుతున్న గర్భిణులు ఎవరున్నారో ఆశాతో అడిగించండి.

టీకాల దగ్గర పెద్ద అపోహ ఒకటి: గర్భిణులకు మనం వేసే టీడీలో (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) కోరింత దగ్గు టీకా లేదు. 10, 16 ఏళ్లకు వేసేదాంట్లోనూ లేదు. గర్భంలో బిడ్డకు రక్షణ ఇచ్చేది 27–36 వారాల మధ్య వేసే టీడాప్, అది ప్రైవేటులో దొరుకుతుంది, కొనగలిగినవాళ్లకు చెప్పండి. మిగతావాళ్ల బిడ్డకు 6, 10, 14 వారాల పెంటావాలెంట్ రోజు తప్పకుండా పడటమే దిక్కు. పుట్టింటికి పోయిన బాలింత పేరు ఇక్కడి జాబితాలో ఉంటుంది, అక్కడి ఏఎన్ఎంకు తెలియదు, డోసు అట్లనే పోతుంది. కాన్పుకు వచ్చినవాళ్లను, మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలను విడిగా రాసుకోండి. పాపకు తగ్గాక పెంటావాలెంట్ మొదలుపెట్టాల్సిందే, జబ్బు వచ్చిపోయింది కదా అని వదలొద్దు. ఏడాది లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. అన్నకు 5–6 ఏళ్ల డీపీటీ బూస్టర్ పడిందా చూడండి, 7 ఏళ్లు నిండేదాకా వేయొచ్చు. చాలామందికి తప్పిపోయే డోసు అదే.

హాస్టల్‌లో పేరు, తరగతి, గది, దగ్గు మొదలైన తేదీ రాసి ఒక లిస్టు పెట్టండి. పడకల మధ్య కనీసం ఒక మీటరు, తలల దిక్కు మార్చి పడుకోబెట్టడం, కిటికీలు తెరవడం, ఒకే గ్లాసు వాడకపోవడం. హాస్టల్ మూసి ఇళ్లకు పంపితే జబ్బు పసిపిల్లలున్న ఇళ్లకు చేరుతుంది. బతుకమ్మ, దసరా సెలవులకు పోయేముందు దగ్గుతున్న ప్రతి పిల్లవాడినీ "ఇంట్లో చిన్న బిడ్డ ఉందా" అని అడగండి. ఉంటే మాస్కు, ఆ బిడ్డను ఎత్తుకోవద్దని తల్లిదండ్రులకు ఫోన్.

పీహెచ్‌సీ_ఎంవో_ములుగు

అందరికీ ధన్యవాదాలు. పాపకు డోసు వేసి 108లో పంపించాం, స్వాబ్ తీశాం. ఒక్క సందేహం మిగిలింది. అన్నకు బయట ఎవరో ఇప్పటికే అజిత్రో రెండు డోసులు వేశారు. ఇంకా స్వాబ్ తీయడంలో అర్థం ఉందా?

మైక్రో_ల్యాబ్_వరంగల్

ఉంది సార్, ఈరోజే తీయండి. కల్చర్ రాకపోవచ్చు గానీ పీసీఆర్‌కు ఇంకొన్ని రోజులు అవకాశం ఉంది. 5 రోజులు పూర్తయ్యాక తీస్తే నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని చెప్పలేం. ఫారం మీద దగ్గు మొదలైన తేదీ, అజిత్రో మొదటి డోసు పడిన తేదీ రెండూ రాయండి. రెండో తేదీ లేని ఫారాలు వస్తే నెగెటివ్‌ను ఎట్లా చదవాలో ఇక్కడ మాకు తెలియదు.